కంట్లో బొట్టు

మా తమ్ముడు పటాలంలో తుపాకులు మరమ్మతు చేసే పనిలో ఉండేవాడు. అందరి తమ్ముళ్ళూ సెలవుకు వస్తే అక్కలకు చీరలు తెచ్చేవాళ్ళు. మావాడు మరలూ స్ప్రింగులూ, మూటెడు గొప్పలూ తెచ్చేవాడు. డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం తిరుపతికి వచ్చినప్పుడు మాత్రం సంచిలోంచి జానెడు గొట్టం తీశాడు.

అది పాత టార్చిలైటు గొట్టం. ఒక కొసను పూర్తిగా మూసేసి, ఆ మూతలో, బయటి వెలుతురుకు లోపల చుక్కలా మెరిసే సన్నని ఎర్ర ప్లాస్టిక్ పుల్ల దూర్చాడు. కన్ను పెట్టే కొసన ఒక చిన్న భూతద్దం. సర్కారు సామాను కాదని, తన చేత్తో చేసుకున్నదని నాయన అడక్కముందే ఒట్టు పెట్టాడు. పరాయి దేశాల సైన్యాలు ఇట్లాంటివి రైఫిళ్ళకు తగిలించుకుంటున్నాయట. తను పనిచేసేచోటికి ఒకటి వస్తే విప్పి చూశాడట.

"మామూలు తుపాకికి ఎనక గాడి, ముందర ముల్లు, దూరంగా మనిషి. ఒక కన్ను మూసి ఆ మూడూ ఒక వరసకి తెచ్చేలోపల ఆ మనిషి యాడికో పోయింటాడు. దీనికి ఆ బాధ లేదు. రెండు కండ్లూ తెరిసి సూడల్ల, అంతే."

"ముందర మూసేసినాక ఏం కనపడతాదిరా, నీ తలకాయ!" అన్నాడు నాయన.

"ఈ కంటికి చీకట్లో ఎర్రచుక్క ఒకటే కనపడతాది నాయనా. ఆ కంటికి లోకం కనపడతాది. రెండూ మనసులో కలుస్తాయి. యాడ చుక్క ఉంటే ఆడికి గుండు పోతాది."

నాయన నమ్మకుండానే కంటికి పెట్టుకున్నాడు. ప్రహరీ మీద కాకి కనపడగానే, "ఓరి! దీని ఈపు మీద ఉండాదిరా చుక్క!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. తర్వాత మునగచెట్టు మీద, నీళ్ళ తొట్టి మీద, ఎదురింటి సైకిలు మీద చుక్కలు పెట్టుకుంటూ వాకిలంతా తిరిగాడు. అమ్మ మాత్రం తుపాకి సామాను ముట్టుకోనంది.

నా వంతు వచ్చింది. ముందు నా సంగతి చెప్పాలి. పెళ్ళైన రెండో ఏడే మా ఆయన పోయాడు. నేను పుట్టింటికి వచ్చి, దగ్గర్లోని ఎలిమెంటరీ బడిలో టీచరుగా చేరాను. ఉద్యోగం చేయనిచ్చిన అమ్మ బొట్టు మాత్రం పెట్టుకోనివ్వలేదు. నల్లచుక్క పెట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. "నలుపు ఈపొద్దు, ఎరుపు రేపు" అనేది. లోకులు కాకులని సామెత చెప్పేదీ ఆమే, ఆ కాకులకు జడిసి చచ్చేదీ ఆమే. బడిలో ఒకటో తరగతి పిల్లలు, "టీచరమ్మా, బొట్టు మరిసిపోయినారు" అని గుర్తు చేసేవాళ్ళు. మళ్ళీ మర్నాడు గుర్తు చేసేవాళ్ళు. నేను నవ్వి పలకలు తీయమనేదాన్ని. నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఆ పిల్లలు అట్లా అడగని ఒక్క పొద్దు కావాలి.

గొట్టం కంటికి పెట్టుకుని అమ్మ వైపు తిరిగాను. చుక్క వెళ్ళి ఆమె కుంకుమ మీదే కూర్చుంది. అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. ఎవరికీ చెప్పకుండా గొట్టం కొంగు చాటున పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి బీరువా అద్దం ముందు నిలబడ్డాను.

చుక్క ముందు నా చెంప మీద పడింది. కొంచెం జరిపితే ముక్కు మీదికి వచ్చింది. ఊపిరి బిగబట్టి పైకి ఎత్తాను. కనుబొమల నడుమ ఆగింది. ఎర్రగా, గుండ్రంగా, దిద్దినట్టుగా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఒక కంటికి గొట్టం, రెండో కన్ను గుడ్లగూబలా, మొహమంతా నవ్వు. అద్దంలో ఉన్నామె పిచ్చిదానిలా ఉంది, కానీ అందంగా కూడా ఉంది.

"ఏం జేస్తాండావే ఆడ?"

వాకిట్లో ఉందనుకున్న అమ్మ నా వెనకే ఉంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఆమె గొట్టం లాక్కుని, ముట్టుకోనన్న వస్తువును కంటికి పెట్టుకుని నన్ను చూసింది. చూసిన వెంటనే ఆమె మొహం మారిపోయింది. కొంగు తీసి నా నుదురు గట్టిగా తుడిచింది. మళ్ళీ గొట్టంలోంచి చూసింది.

"పోలేదే!"

మళ్ళీ తుడిచింది. మళ్ళీ చూసింది. కొంగు కొస నోట్లో తడిపి, చర్మం మండేదాకా రుద్దింది. టార్చిలైటు వెలుతురు గోడ మీద పడ్డట్టు ఆ గొట్టం నా మొహం మీద ఎరుపు చల్లిందని ఆమె అనుకుంది. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. అయినా తప్పు చేసిన పిల్లలా నుదురు అప్పగించి నిలబడ్డాను. చెబితే అద్దం ముందు ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి కదా.

గొట్టం వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా, అది అక్క మీద లేదు. నీ కంట్లో ఉండాది."

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. కొట్టినా తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. వాడు నా ఎర్రబడ్డ నుదురు వైపు చూసి తల దించుకున్నాడు. సెలవు అయిపోయి వెళ్ళేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ వాడి మొహం చూడలేకపోయాను. ఆ గొట్టం మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఎనభైల నడుమ తమ్ముడు పటాలం నుంచి వచ్చేసి, బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అప్పటికి నాయన పోయి కొన్నాళ్ళయింది. ఇంట్లో ఒట్టి నుదుళ్ళు రెండయ్యాయి. అమ్మకు ఎడమ కంట్లో పొర కమ్మింది. ఒక ఆదివారం ఉన్నట్టుండి, "ఆ గొట్టం యాడ పెట్టినావురా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"అదెప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు ఇంకోటి చేసినా" అంటూ వాడు అంగడి నుంచి తెచ్చాడు. ఇది మూసిన గొట్టం కాదు. వంపు అద్దం ఒకటి, దానికెదురుగా రేడియోల్లో వెలిగే చిన్న ఎర్రదీపం. అద్దంలోంచి లోకమూ కనపడుతుంది, చుక్కా కనపడుతుంది. తుపాకులకు కూడా ఇప్పుడు ఇట్లాంటివే వస్తున్నాయన్నాడు. "దీనికి ఒక కన్ను సాలమ్మా" అన్నాడు.

అమ్మ దాన్ని మంచి కంటికి పెట్టుకుని నా వైపు తిరిగింది. "మెదలాకు" అంది. మెదలలేదు. అంత వయసొచ్చి కూడా గడ్డం కొంచెం ఎత్తి, పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు నిలబడ్డాను. నాకు కనపడని బొట్టు కోసం అట్లా నిలబడ్డందుకు లోపల సిగ్గుగానే ఉంది. అమ్మ చాలాసేపు చూసింది.

"రేపు బడికి పోయేటప్పుడు పెట్టుకోవే" అంది చివరికి.

ఆ వస్తువు ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఊరికే కంటికి పెట్టుకున్నాను. చుక్క వెళ్ళి ఆమె నుదుటి మీద నిలబడింది. నేను ఎక్కడ చూస్తున్నానో ఆమెకు అర్థమైంది. చెయ్యి కొంగు అందుకుని నుదురు తుడుచుకుంది.

"అమ్మా, అది నీ మీద లేదు. నా కంట్లో ఉండాది" అన్నాను.

"తెలుసులేవే. చెయ్యి ఊరుకోదు" అంటూ ఇంకోసారి తుడుచుకుంది.

మర్నాడు పొద్దున తన పాత కుంకుమ భరిణె తనే తెచ్చి, మూత తీసి నా ముందు పెట్టింది. వేలు అద్దాను. ఆమె ఒట్టి నుదురు నా ఎదురుగానే ఉంది. నా చెయ్యి పైకి లేవలేదు.