ఘాట్‌లో వెలిగే లైటు

ఆ లైటు మొదటిసారి వెలిగినప్పుడు నేను మా ఆయన పక్కన కూచుని పల్లీలు తింటున్నాను. సాలూరు దాటి పొగమంచులో ఘాట్ ఎక్కుతున్నాం. వెనక లారీ నిండా ఎండు చేపలు. ఒడిశా కొండల మీది సంతల్లో మా సరుకుకి మంచి గిరాకీ. ఆయన నడుపుతాడు, నేను అమ్ముతాను. పెళ్ళైనప్పట్నుంచీ ఇదే మా బతుకు. స్టీరింగు వెనక మీటర్ల అద్దంలో ఇంజిన్ బొమ్మ ఒకటి పసుప్పచ్చగా వెలిగింది. నేను నమలడం ఆపేశాను.

"మావా, అదేటి?"

"ఏటీ నేదు. పాత బండి గదా, దానికీ నీలాగే కోపమొస్తాది," అన్నాడు. అనేలోపే ఆరిపోయింది కూడా.

నాకు నవ్వు రాలేదు. పోయిన వర్షాకాలం మా పేట మనిషొకడు ఇదే ఘాట్‌లో లారీతో సహా లోయలోకి పోయాడు. అతని భార్యా నేనూ ఇసకలో పక్కపక్కనే చేపలు ఎండబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడామె ఎవరితోనూ మాట్లాడదు. మాకిద్దరు పిల్లలు. మేం కొండెక్కినప్పుడు మా అత్త దగ్గరుంటారు. బండి పడితే వాళ్ళకి అమ్మా నాన్నా ఒకేసారి పోతారు. ఈ ఆలోచన ఆ రోజు నా బుర్రలో దూరింది, మళ్ళీ బయటికి పోలేదు.

తిరుగుదారిలో సాలూరులో మెకానిక్కు దగ్గర ఆపించాను. అందుకోసం ఘాట్ దిగినంత సేపూ పోట్లాడాల్సొచ్చింది. మెకానిక్కు ఒక చిన్న మిషను తగిలించి చూశాడు. ఎక్కడో వైరు తెగినట్టయి మళ్ళీ కలుస్తోందట. ఎక్కడో మాత్రం మిషను చెప్పదట. మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతోంది. ఇంజిన్ ఎంతసేపు తిప్పినా లైటు వెలగదే!

"ఎలిగినప్పుడు తెండమ్మా, దొరికిపోద్ది," అన్నాడు.

అది వెలిగినప్పుడు మేం లోయ అంచున ఉంటాం నాయనా, నీ దగ్గరికెలా తెచ్చేది? అనుకున్నాను.

"పోనీ, ఎలిగినప్పుడల్లా బండి ఏటి సేస్తన్నాదో సూడు," అని మెకానిక్కు ఆ పని నాకే అప్పజెప్పాడు.

ఇక నేను కొండలు చూడలేదు, రోడ్డు చూడలేదు. లైటునే చూశాను. మలుపు తిరిగితే వెలుగుతుందా? కాదు. బ్రేకు తొక్కితేనా? కాదు. బరువుంటేనా? ఖాళీ బండికీ వెలిగింది. వెలిగినప్పుడల్లా అరిచేసేదాన్ని. నా అరుపులకు విసిగిపోయి మా ఆయన ఒకరోజు ఏం చేశాడంటే, నా సంచీలోంచి బొట్టుబిళ్ళ ఒకటి తీసి ఆ లైటు మీద అంటించేశాడు.

"ఇప్పుడు సూడు, శుభ్రంగున్నాది."

ఒళ్ళు మండిపోయింది. "నా బొట్టు తీసుకెళ్ళి దాని మీద పెడతావా? నీకు బుర్రున్నాదా?" అని గోటితో పీకిపారేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయనకీ భయమేనని నాకప్పుడు తెలిసింది. అంతవరకూ ఒక్క భయమే ఉండేది నాకు, ఆ రోజుతో రెండయ్యాయి.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం సంత ముగించుకుని దిగుతున్నాం. పొగమంచు. అద్దం మీద తుంపర. లైటు వెలిగింది, ఈసారి ఆరలేదు. మరుక్షణం ఇంజిన్ ఆగిపోయింది. బండి ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో చక్రాల చప్పుడొక్కటే. స్టీరింగు బిగుసుకుపోయింది, బ్రేకూ పట్టడం లేదు. ఆయన సీట్లోంచి లేచి ఒళ్ళంతా వేసి తిప్పుతున్నాడు.

"గట్టిగా అట్టుకోయే!"

ఓలమ్మో, నా పిల్లలో, అని అరిచాను. వేరే దేవుడెవడూ గుర్తురాలేదు. లోయ వైపు కాకుండా బండిని కొండ వైపు ఒరిపించాడు. రేకు రాయికి గీసుకుంటూ గీసుకుంటూ పోయి, కాలవలో ఎడమ చక్రం దిగబడి ఆగాం. ఆయన నుదురు చిట్లింది. ఇద్దరం దిగి రోడ్డు మీదే కూలబడ్డాం. కొంగు చింపి ఆయన నుదుటికి కట్టు కట్టాను.

వేరే లారీ వాళ్ళు తాడేసి లాగి సాలూరు చేర్చారు. అప్పటికీ తుంపర పడుతూనే ఉంది. నాకప్పుడు వెలిగింది. "ఎండున్నప్పుడు ఎప్పుడూ ఎలగలేదు. మంచుంటే, సినుకుంటేనే ఎలుగుతన్నాది," అన్నాను. "అయితే ఎక్కడో సెమ్మ తగుల్తన్నాది," అని మెకానిక్కు డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి, రేకు వెనక్కి చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిగా బయటికొచ్చింది, దానితో ఒక నల్లగుడ్డ మూట. మూట కట్టి ఉన్న చోట వైర్ల జాయింటు పచ్చగా చిలుం పట్టి పొడిపొడి అవుతోంది.

విప్పితే రాళ్ళ ఉప్పు, ఎండు మిరపకాయలు. ఆ ముడి నేనెరుగుదును. మా ఇంట్లో వలలకు అలా ముడేసేది ఒక్క అత్తే. మా పేటలో కొత్త పడవకు దిష్టి తగలకుండా ఉప్పుమూట కడతారు, ఎవరి కంటా పడని చోట. కర్ర పడవకు ఉప్పుతో ఏ భయమూ లేదు. చెమ్మ తగిలితే ఉప్పు కరుగుతుంది, కారుతుంది. లారీలో అది కారింది వైర్ల మీద.

దారంతా తిట్లు పోగుచేసుకుంటూ ఇంటికొచ్చాను. అత్త అరుగు మీద పిల్లలకు అన్నం కలుపుతోంది. మూట తెచ్చి ఆమె ముందు పడేశాను.

"ఇదేటి అత్తా?"

"ఎందుకు తీసీసినావే?" అని గాభరాగా లేచింది. "మన పేటోడు లోయలో పడిపోయినకాడ్నుంచీ నాకు కునుకు నేదు. పడవకి కడతాం గదా అని కట్టినాను. అమాసకి అమాసకి కొత్త ఉప్పు మారస్తన్నాను గదే!"

మా ఆయన ఆమెను కూచోబెట్టి వైర్ల సంగతి నెమ్మదిగా చెప్పాడు. ఆమె వింటూ వింటూ ఆయన నుదుటి కట్టు మీద చెయ్యి పెట్టింది.

"అయితే నానే సంపేద్దునేట్రా నిన్ను?"

పోగుచేసుకున్న తిట్లన్నీ వదిలేసి ఆ మూట ఆమె ముందు నుంచి తీసి పక్కన పెట్టాను. కలిపిన అన్నం ముందు పిల్లలు అలాగే కూచున్నారు.

జాయింటు మార్చాక లైటు మళ్ళీ వెలగలేదు. తర్వాతి సంతకి బయల్దేరిన పొద్దున మబ్బేసింది. సరుకెక్కించి, నేనూ ఎక్కి కూచున్నాను. అత్త నా వైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు.

"ఇప్పుడేటి కట్టమంటావే?" అంది.

మెకానిక్కు ఇక భయం లేదన్నాడని చెప్పాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆమె తలుపు మీద చెయ్యేసి అలాగే ఉండిపోయింది. మా ఆయన ఇంజిన్ తిప్పాడు. బండి కదిలేదాకా ఆమె ఆ చెయ్యి తియ్యలేదు, తియ్యమని నేనూ అనలేదు.