రాజుగారి విగ్రహం వెనక పచ్చ డబ్బా

మొన్న ఆదివారం అమలాపురం నుంచి వచ్చిన మా అమ్మాయి, చెప్పులైనా విప్పకుండా, అంతర్వేది లైటుహౌసు దగ్గర ఎవరో ఒక డబ్బా దాచారట, సాయంత్రం వెళ్ళి వెతుకుదాం రండి నాన్నా అంటూ సెల్‌ఫోను నా మొహం ముందు పెట్టింది. ఇది ప్రపంచమంతా ఆడే ఆటట. ఒకరు ఎక్కడో ఓ డబ్బా దాచి ఆ చోటు ఇంటర్నెట్టులో పెడతారు, మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళతారు, దొరికితే అందులోంచి ఒక వస్తువు తీసుకుని, దానికి సరితూగే వస్తువు మరొకటి పెట్టి, మళ్ళీ అక్కడే దాచేసి వస్తారు. తను చెప్పడం పూర్తికాకుండానే మిగిలింది నేను చెప్పేసరికి మా అమ్మాయి తెల్లబోయింది. వంటింట్లో మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

మా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైలలో మన మలికిపురం, రాజోలు వైపు వరిచేలన్నీ చూస్తుండగానే రొయ్యల చెరువులైపోయి, ఆ తరవాత తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయిన రోజులు. రొయ్యపిల్లల్ని పొదిగించే హేచరీలో నేను నేర్చుకున్న పని ఇక్కడ అక్కరకు రాకుండా పోయింది. మావాళ్ళందరూ దుబాయి, కువైటు అంటూ రావులపాలెంలో బస్సెక్కుతుంటే, రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి నేను మాత్రం థాయిలాండులో సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్ళో హేచరీకి కుదిరాను. ఆ దేశం పేరు చెప్పగానే బంధువులు నవ్విన నవ్వులు మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నవ్వుల నోరు మూయించడానికే అన్నట్టు మా ఆవిణ్ణీ, అయిదేళ్ళ పిల్లనీ కూడా తీసుకువెళ్ళాను.

ఆ ఊరి నడిబొడ్డున తోటలో ఒక రాజుగారి విగ్రహం ఉండేది. పోయి వందేళ్ళు కావస్తున్నా జనం ఆయన్ని దేవుడిలా కొలిచేవారు, మంగళవారం వస్తే గులాబీలు, అగరొత్తులు, ఆయనకి ఇష్టమని చుట్టలు కూడా పెట్టి దణ్ణాలు పెట్టేవారు. పక్కింటి పెద్దావిడ, మా ఆవిడ ఆమెని పిన్నిగారూ అని తెలుగులోనే పిలిచేది, మా ఆవిణ్ణి అక్కడికి వెంట తీసుకువెళ్ళేది. బానిసలుగా పుట్టినవాళ్ళని విడిపించిన రాజనీ, తన ముందు ఎవరూ నేలమీద పాకనక్కరలేదన్న రాజనీ పిన్నిగారు సైగలతోనూ, రెండు ఇంగ్లీషు ముక్కలతోనూ చెప్పిందట. పైగా ఆ వంశానికి రాముడి పేరే బిరుదు. మా ఆవిడ తాతగారు అప్పు కింద ఒక కామందు ఇంట్లో పాలేరుగా చేరి ఆ పాలేరుగానే పోయిన మనిషి. అప్పటినించీ ఆ రాజు మా ఆవిడకి అయినవాడైపోయాడు.

ఇంతలో పిల్లకి డెంగీ జ్వరం వచ్చింది. ఒళ్ళంతా ఎర్రటి చుక్కలు, చిగుళ్ళనించి రక్తం. డాక్టరు నా మొహంలోకి చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. మా ఆవిడ ఆసుపత్రి మెట్లమీదనుంచే విగ్రహం ఉన్న వైపు తిరిగి చేతులు జోడించి, పిల్ల బతికితే నిలువుదోపిడీ ఇచ్చుకుంటానని మొక్కేసింది. నిలువుదోపిడీ అంటే మనకి తెలిసిందే, ఆ క్షణాన ఒంటిమీద ఉన్న బంగారం ఉన్నట్టుగా ఒలిచి ఇచ్చేయడం. దేవుడి దయవల్ల, ఆ రాజుగారి దయవల్ల కూడా అనుకోండి, పిల్ల తేరుకుంది.

ఆ మంగళవారం నేను పని నుంచి ఇంటికి వచ్చి చూద్దును కదా, మా ఆవిడ మెడ బోసిగా ఉంది. చేతులు బోసిగా, చెవులు బోసిగా, పుస్తెలు మాత్రం పసుపుతాడుకి గుచ్చి ఉన్నాయి. మా అత్తవారు పెట్టినదీ, నేను కడుపు కట్టుకుని చేయించినదీ, ఉన్న బంగారమంతా అదే. కాంట్రాక్టు ముగిశాక ఊళ్ళో ఇల్లు కట్టుకోవడానికి దానిమీదే ఆశ పెట్టుకున్నాం.

ఆవిడ మాత్రం నిమ్మళంగా జరిగినదంతా చెప్పింది. విగ్రహం చుట్టూ ఎంత వెతికినా హుండీ కనిపించలేదట. అంతలో ఒక తెల్లదొర, దొరసాని అటూ ఇటూ చూసి, విగ్రహం వెనక పొద కింద నుంచి పచ్చరంగు డబ్బా తీసి, అందులో ఏదో వేసి, ఫొటో తీసుకుని, భక్తిగా యథాస్థానంలో పెట్టి వెళ్ళారట. "పరదేశం వాళ్ళకి హుండీ అక్కడ పెట్టేరనుకున్నానండీ. మూత తీస్తే ప్లాస్టిక్కు ఏనుగు బొమ్మ, నాణేలు, ఏవేవో ఉన్నాయి. ఎవరి మొక్కు వాళ్ళది కదా అని మూట అందులో పెట్టేసేను" అంది.

మర్నాడు పొద్దున్నే హేచరీలో మా మేనేజరుకి చెబితే ఆయన ముందు విరగబడి నవ్వి, అది ఆట డబ్బా అని అసలు సంగతి విప్పి చెప్పాడు. దాచుకోవలసింది దాచడం తెలుసు గాని, పదిమందికీ చోటు చెప్పి మరీ దాచే మనుషులుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని పరుగెత్తాను. డబ్బా అక్కడే ఉంది. మూత తీస్తే, ఏనుగు బొమ్మ లేదు. దాని చోట ఒక పెద్ద గాజు బొత్తాం ఉంది. పక్కన మా ఆవిడ రుమాలు మూట, ముడి కాస్త వదులై బంగారం బయటికి కనిపిస్తూ, అలాగే ఉంది. మధ్యలో ఎవరో వచ్చారు, చూశారు, ఏనుగు బొమ్మ తీసుకుని బంగారాన్ని వదిలి వెళ్ళారు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. మా ఆవిడ ఆ మూట ముట్టుకోనంది. ఇచ్చింది ఇచ్చిందే, వెనక్కి తీసుకుంటే మొక్కు తప్పినట్టు, పిల్ల ప్రాణం ఆ డబ్బాలో ఉన్నట్టు, ఎంత చెప్పినా వినదే! అరిచాను, బతిమాలాను. చివరికి విసిగిపోయి, తీసుకున్నదానికి సరితూగేది పెట్టడం ఆ ఆటలోనే ధర్మమట అన్నాను. అప్పుడు ఆవిడ కొంగు ముడి విప్పి, ఆసుపత్రిలో పిల్ల చేతికి కట్టిన ప్లాస్టిక్కు పట్టీ తీసింది. మాకు చదవరాని అక్షరాల్లో పిల్ల పేరున్న ఆ పట్టీని కళ్ళకద్దుకుని డబ్బాలో పెట్టి, "ఇది దానికంటే ఎక్కువేనండీ రాజుగారూ" అని, మూట తీసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఈ కథ మొదటిసారి విన్న మా అమ్మాయి ఫోనులో ఆ ఊరు వెతికింది. విగ్రహం అలాగే ఉంది. డబ్బా మాత్రం లేదట, తోట బాగుచేసినప్పుడు దాచినవాళ్ళే ఏనాడో తీసేశారట. అది వినగానే మా ఆవిడ మొహం పాలిపోయింది, చెయ్యి తనకు తెలియకుండానే గాజుల మీదకి వెళ్ళింది.

"ఏవండీ, అయితే మొక్కు మళ్ళీ తీర్చాలంటారా?"

మా అమ్మాయి వచ్చి తన మణికట్టు తల్లి చేతిలో పెట్టి, "పట్టీ పోతే పోయిందమ్మా, ఇది నీ దగ్గరే ఉంది కదా" అంది. ఆవిడ ఆ చేతిని ఎంతసేపటికీ వదల్లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం అంతర్వేది వెళ్ళాం. ఇప్పుడు గుడిముందు చెప్పులు విడిచినా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటాం, హుండీకి తాళాలు చాలక పైన కెమెరా కూడా పెట్టుకున్నాం. లైటుహౌసు నీడలో తల్లీకూతుళ్ళు పొదలు వెతుకుతుంటే నేను మాత్రం, బంగారాన్ని కళ్ళారా చూసి కూడా ఏనుగు బొమ్మతో సరిపెట్టుకున్న ఆ మనిషి ఎవరా అనుకుంటూ నిలబడిపోయాను. ఎవరైతేనేం, ఇవాళ మేం కాపురముంటున్న ఇల్లు ఆ మనిషి వదిలి వెళ్ళిందే.