బండిల ఏం లేదు బిడ్డా

మా పెద్దబాపు పోయాడు. పొద్దున చాయ తాగి, షెడ్డు షట్టర్ ఎత్తబోతూ ఛాతీ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. శంషాబాద్ పాత రోడ్డు మీద కారు రిపేరుకు ఎప్పుడైనా ఆగినవాళ్లకు ఆయన తెలిసే ఉంటాడు. మా నాన్నకు అన్న. నాకు బండి నడపడం నేర్పినవాడు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ నాకు ఆయన మీద కోపంగా ఉందన్న సంగతి దాచలేను.

ముందు మంచే చెబుతాను. పెట్రోలు వాసన వస్తోందని ఎవరైనా కారు తెస్తే ఆయన పనిముట్ల జోలికే పోయేవాడు కాదు. ఇంజను ఆపించి, అద్దాలన్నీ ఎక్కించి, లోపల ఒక్కడే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. బండి యజమాని బయట ఎండలో గోళ్లు కొరుక్కుంటూ నిలబడేవాడు. కాసేపటికి మా పెద్దబాపు చెమటలు కక్కుతూ దిగి, "ముందల కాదు, ఎన్కకెళ్లి వస్తుంది" అనేవాడు. వెనక చూస్తే ట్యాంకు పైపు పగిలి ఉండేది. "ముక్కును మించిన పానా లేదు బిడ్డా" అని నా వైపు చూసి నవ్వేవాడు. ఒకసారి ఒకాయన బీడీ వెలిగించుకుని కారు దగ్గరికి వస్తే, మా పెద్దబాపు మాటా పలుకూ లేకుండా బకెట్ నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించాడు. బీడీ ఆరింది, ఆయన తిట్లు మాత్రం చాలాసేపు ఆరలేదు.

కాలేజీ నుంచి వచ్చాక నేను ఆ షెడ్డులో పాత టైర్ల మీద కూర్చునేదాన్ని. అమ్మాయికి ఇక్కడేం పని అని మా అమ్మ గొణిగినా ఆయన పట్టించుకోలేదు. "ట్యాంకు నింపినంక వస్తుందా, చల్లగున్న ఇంజను స్టార్ట్ జేసినప్పుడు వస్తుందా, గడ్డ ఎక్కేటప్పుడు వస్తుందా? ముందుగాల గిదడుగు. అడిగినంకనే చెయ్యి పెట్టు" అని నేర్పాడు. వంటింట్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్నదానికంటే ఆ టైర్ల మీద నేర్చుకున్నదే నాకు ఎక్కువ గుర్తుంది.

తర్వాత నాకు పెళ్లయింది. మహేశ్వరం నుంచి ఎయిర్‌పోర్ట్ కార్గో ఆఫీసుకు ఉద్యోగానికి వెళ్లేదాన్ని. పాత కారు ఒకటి పెద్దబాపే చూసి ఇప్పించాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆ కారులో పెట్రోలు వాసన మొదలైంది. మా ఆయనకు చెబితే, "విమానాల నూనె వాసనే, గాలికి కొట్టుకొస్తుంది" అన్నాడు. మా వైపు ఇదొక అలవాటు. ఎక్కడ ఏ వాసన వచ్చినా విమానాల మీదికి నెట్టేస్తాం. మా అత్తమ్మ అయితే, "వేవిళ్ల ముక్కు గిట్లనే ఉంటది. నాకు పౌడరు వాసనకు కూడ వాంతులయ్యేటియి" అని తేల్చేసింది.

సరే, వీళ్లకేం తెలుసులే అని నేరుగా షెడ్డుకు పోయాను. ఆ రోజు ఆయన కారులోకి ఎక్కలేదు. "నువ్వే కూసో. ఎక్కడికెళ్లి వస్తుందో నువ్వే చెప్పు" అన్నాడు. శిష్యురాలికి పరీక్ష పెడుతున్నాడనుకుని మురిసిపోయాను. వెనక నుంచి వస్తోందన్నాను. ఆయన కారు కింద అట్టముక్కలు పరిచాడు. మధ్యాహ్నం దాకా చూశాడు. అట్టముక్కల మీద చుక్క తడి లేదు. అప్పుడు డోరు తీసి తల లోపల పెట్టి, గట్టిగా ఒకసారి గాలి పీల్చి, "బండిల ఏం లేదు బిడ్డా. నీ కడుపుల ఉన్నది జేస్తున్న పని ఇది. పరేషాన్ కాకు" అన్నాడు.

ఆయన మాటకు ఇంట్లో ఎదురులేదు. ఇగ నేను నోరెత్తితే చాలు, అందరూ నవ్వేవాళ్లు. మా ఆయన ముక్కు మూసుకుని వేళాకోళం చేసేవాడు. నేనే నన్ను నమ్మడం మానేశాను. ఒకరోజు పొయ్యి మీద అన్నం అడుగంటుతుంటే, ఆ వాసన తెలుస్తూనే, ఇదీ వేవిళ్లే అనుకుని కదలకుండా కూర్చున్నాను. పొగ హాల్లోకి వచ్చాక లేచాను. ఆ రోజు నిజంగా భయమేసింది. నా ముక్కు మీద నాకే నమ్మకం పోతే ఇక కడుపులో బిడ్డను ఎలా కాచుకోవాలి?

అప్పుడు పెద్దబాపు నేర్పిన ప్రశ్నలు నాకు నేనే వేసుకున్నాను. ట్యాంకు నింపిన రోజు వాసన ఎక్కువ. సగం తగ్గాక తక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. అంటే ట్యాంకు పైభాగంలోనే ఏదో ఉంది. కింద చుక్క ఎందుకు పడుతుంది? అత్తాపూర్‌లో వేరే మెకానిక్ దగ్గరికి పోయి, వెనక సీటు లేపమన్నాను. అతను బ్యాటరీ వైరు తీసి, సీటు లేపి చూసి, "అక్కా, ఇన్ని దినాలు గిట్లనే తిరిగినవా?" అన్నాడు. ట్యాంకు మీద పంపు మూత చుట్టూ తడి. రబ్బరు రింగు గట్టిపడి, పగిలి ఉంది. కొత్తది వేయించాక వాసన పోయింది.

పాత రింగును కవర్లో చుట్టి తీసుకెళ్లి పెద్దబాపు చేతిలో పెట్టాను. ఆయన కవరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అవును, పెట్రోలే" అన్నాడు.

"మరి ఆ రోజు ఏం లేదంటివి?"

"ఆ రోజు రాలేదు బిడ్డా."

అంతే. తప్పయిందని కూడా అనలేదు. నేను బండి తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత షెడ్డు వైపు పోవడం తగ్గించుకున్నాను. పాప పుట్టాక ఆయనే వచ్చి చూసి పోయాడు. నేను ఎక్కువ మాట్లాడలేదు.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు, అంటే కాకికి పిండం పెట్టడానికి వండుతుంటే, మెంతికూర మాంసం చేద్దామన్నాను. ఆ వాసనకు ఆయన నిద్రలోంచి కూడా లేచేవాడు కదా అన్నాను. మా పెద్దమ్మ గంటె పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఇంకెక్కడి వాసన బిడ్డా. కరోనా జరమొచ్చి పోయినప్పటి సంది ఆయనకు ఏ వాసనా తెల్వకపోతుండె. మెకానిక్‌కు ముక్కు పోయిందంటే బండ్లెవడు తెస్తడని, ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"నాకు కూడా చెప్పొద్దన్నడా?"

"ముందుగాల నీకే చెప్పొద్దన్నడు."

వాసన తెలియని మనిషి తల లోపల పెట్టి గాలి పీల్చి, నాకు వేవిళ్లని తీర్పు చెప్పాడు. తెలుస్తలేదు బిడ్డా, ఇంకోని దగ్గరికి పో అంటే సరిపోయేది. ఆయన పరువు నిలబడాలని నా ముక్కును అబద్ధం చేశాడు. నన్నూ, కడుపులో పాపనూ ఆ బండిలోనే పంపించాడు. ఇది మోసమే. చనిపోయాడని మాట మార్చను. ఆయన నేర్పిన ప్రశ్నలే మమ్మల్ని కాపాడాయన్నదీ నిజమే. ఆ రుణం కాదనను. కానీ ఆ రుణంతో ఈ కోపం చెల్లిపోదు.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆ రింగు ఇచ్చిన రోజు కోపంగా బండి తిప్పుతూ అద్దంలో చూశాను. ఆయన షెడ్డు ముందు ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. నన్ను చూడటం లేదు. పెట్రోలులో నానిన ఆ రబ్బరు ముక్కను ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, పీల్చి, ఆగి, మళ్లీ పీలుస్తున్నాడు.