కొంచెం కదులుతారా అన్నా

అమెరికాలోని క్యారీ ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకు అద్దెకు తీసుకునే భవనంలో బాస్కెట్‌బాల్ కోర్టున్న హాలు కూడా ఉంది. శనివారం పొద్దున అది మాదే. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ టీముకి ఆడిన పాపానికి మగపిల్లల టీము నా నెత్తిన పడింది. పిల్లలంటే పిల్లలు కారు. ఎమ్మెస్ చదివేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలవాళ్ళు. అందరికీ నేను అక్కని.

చుట్టుపక్కల చర్చిల లీగ్‌లో ఆ సీజనంతా ఓడిపోతూనే వచ్చాం. చివరి మ్యాచ్‌కి ముందు సంఘ పెద్ద ఒకాయన తేల్చి చెప్పారు: "ఇదన్నా గెలవకపోతే ఆ హాలు టైమ్ క్వైర్‌కి ఇచ్చేద్దాం సిస్టర్. వాళ్ళు ప్రాక్టీసుకి చోటు లేక అవస్థ పడుతున్నారు."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మావాళ్ళలో సగంమంది బంతి కోసం వచ్చి, ఆట చివర ప్రార్థనకు తల వంచేవాళ్ళు. ఆదివారం రమ్మంటే రారు. ఆ శనివారం పోతే వాళ్ళూ పోతారు. అదీ నా భయం.

అందుకని మోషన్ అఫెన్స్ అనే ఆటతీరు నేర్పుదామనుకున్నాను. ముందే గీసిపెట్టుకున్న ఎత్తులేవీ అందులో ఉండవు. కొన్ని నియమాలు, అంతే. బంతి ఇచ్చినవాడు ఆగకుండా రింగ్ వైపు పరుగెత్తాలి. అతను ఖాళీ చేసిన చోటికి పక్కవాడు జరగాలి. మిగతాది ఎదుటివాళ్ళని చూసి నడుచుకోవడమే. ఆజ్ఞలు కొన్నే, బతుకంతా వాటితోనే నడవాలి అని నమ్మే మనుషులకి ఇది తేలిగ్గా ఎక్కుతుందనుకున్నాను.

ఎక్కలేదు. "అక్కా, నాలుగో పాస్ తర్వాత ఎవరు ఎక్కడుండాలి?" అని ఒకడు. "డిఫెండర్ నా మీదికి రాకపోతే ఏం చేయాలి?" అని ఇంకొకడు.

"రాకపోతే బాస్కెట్ వెయ్యి నాయనా!"

అసలు చిక్కు అది కాదు. మా టీములో ఒక అన్న ఉన్నాడు. నలభై దాటిన ప్రాజెక్ట్ మేనేజర్. వీళ్ళలో చాలామందిని ఎయిర్‌పోర్ట్ నుంచి తన కారులో తెచ్చి, గది దొరికేదాకా ఇంట్లో పెట్టుకున్నవాడు. బంతి ఎవరి చేతికొచ్చినా చివరికి ఆయనకే పోతుంది. ఆయన నడుం మీద చేయి వేసుకుని నిలబడి ఉంటాడు. బంతి ఇచ్చాక కూడా కదలడు. ఆయన కదలకపోతే మిగతా నలుగురూ ఎక్కడివాళ్ళక్కడే.

"ఎవరు ఆగినా, చూసినవాడు 'కదులు' అని అరవాలి," అని ఇంకో నియమం పెట్టాను.

బంతిని నడిపించే మా పాయింట్ గార్డ్ ఒక ఎమ్మెస్ కుర్రాడు. అన్న ఇంట్లో ఉండి వచ్చినవాడే. బంతి పట్టుకుని, అన్న వైపు తిరిగి, మెల్లగా అన్నాడు: "కొంచెం కదులుతారా అన్నా?"

ఆ మాట పూర్తయ్యేలోపు బంతి పోయింది.

"బతిమాలడం కాదురా, కేక వెయ్యి!"

"అన్నని 'కదులు' అని ఎలా అంటాను అక్కా? ఎదుటివాణ్ణి మనకంటే ఎక్కువగా చూడాలని మొన్న బైబిల్ స్టడీలో మీరే చెప్పారుగా."

వాక్యం నాకే అప్పజెప్పాడు. అన్న నవ్వి, "వదిలెయ్యండక్కా, మర్యాద తెలిసినవాడు," అన్నాడు, నిలబడిన చోటునుంచే.

"ఎక్కువగా చూడమన్నాను. బంతి చేతిలో పెట్టి చేతులు దులుపుకోమనలేదు. ఇచ్చి నిలబడిపోతే అది ఇవ్వడం కాదు, వదిలించుకోవడం," అన్నాను.

తలలూపారు. ఎవడో "ఆమెన్" అని కూడా అన్నాడు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే. నాకు ఓర్పు నేర్పడానికే ప్రభువు వీళ్ళని పంపాడని నమ్ముతాను. ఇంత పాఠం ఒకేసారి అవసరమా అని ఆయన్ని అడిగాను కూడా.

చివరి మ్యాచ్. ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నాం. అన్న బంతిని పాయింట్ గార్డ్‌కిచ్చి, అలవాటుగా నిలబడ్డాడు. ఆయనకీ రింగ్‌కీ మధ్య ఎవరూ లేరు. కుర్రాడి మీదికి ఇద్దరు వచ్చి పడ్డారు.

"కదులు!"

హాలంతా వినిపించింది. అన్నా లేదు, గిన్నా లేదు. అన్న ఉలిక్కిపడి రింగ్ వైపు పరుగెత్తాడు. బంతి నేరుగా ఆయన చేతుల్లోకి వచ్చింది. వేశాడు. పడింది.

గెలిచామని నేను కుర్చీ ఎక్కి స్తోత్రం చెబుతుంటే, కోర్టు మధ్యలో కుర్రాడు అన్న చేతులు పట్టుకుని, "సారీ అన్నా, నోరు జారింది," అంటున్నాడు. "పర్లేదులేరా," అన్నాడు అన్న. పర్లేదనే గొంతు కాదది. మిగతావాళ్ళు సంబరపడాలో సర్దిచెప్పాలో తెలియక నిలబడ్డారు. మళ్ళీ నిలబడ్డారు! కారు దాకా వాడు సారీలు చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం సంఘ పెద్ద ఫోన్ చేశారు.

"హాలు మీరే ఉంచుకోండి సిస్టర్. క్వైర్‌కి ఇంకో టైమ్ చూస్తాం. కానీ ఆ అబ్బాయి అంత పెద్దవాణ్ణి అందరిముందూ ఏకవచనంలో అరిచాడటగా. పిలిచి మాట్లాడండి."

"వాడు సారీ చెప్పాడండి. చెప్పి చెప్పి గొంతు పోయింది," అన్నాను. "సీజనంతా కదలకుండా నిలబడ్డందుకు నాకు మాత్రం ఇంతవరకూ ఎవరూ సారీ చెప్పలేదు."