ఆ పిల్లవాడు నిజం చెప్పాడని చదివాను

మొన్న సెలవులకు అనంతపురం నుంచి వచ్చిన మనవరాలు నా పాత పెట్టెలోంచి అట్ట ఊడిన కథల పుస్తకమొకటి తీసి, మధ్యాహ్నమంతా చప్పుడు లేకుండా చదివి, సాయంత్రం నన్ను నిలదీసింది. ఇందులో పిల్లవాడు తప్పు ఒప్పుకోనే లేదట, నేనేమో తనకు చిన్నప్పటినుంచీ, వాడు ఒప్పుకున్నాడనే చెప్పానట.

నిజమే, ఒప్పుకోలేదు. వాడి చేత ఒప్పించింది నేను.

మాది బళ్లారి కౌల్ బజారులో మిరపకాయల వ్యాపారం. ఎండాకాలం వస్తే ఇంటి వెనక వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని కాయల తొడిమలు తీసేవాళ్లు. మా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఇంటికి ఒక పుస్తకం వస్తే పదిమందీ కూర్చుని వినాల్సిందే. బడిలో కన్నడం చదివినా, అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాను కాబట్టి, వాళ్లకు కథలు చదివి వినిపించే పెద్దరికం పదేళ్లకే నాకు దక్కింది. ఆ గర్వం ఇంతా అంతా కాదు. తుంటరితనంలోనూ నాకు సాటి లేదు.

ఒకరోజు పొద్దున తాత ముక్కుపొడి డబ్బీలో చిటికెడు కారం కలిపాను. పాపం, తాత తుమ్మి తుమ్మి, కళ్లెర్రబడి మంచం మీద కూలబడ్డాడు. బజారు నుంచి ముక్కుపొడి తెచ్చి ఆ డబ్బీ నింపేది తొడిమల పనికొచ్చే ఒక అక్క. కారం చేతులతో నింపిందని తాత ఆమె మీద మండిపడి, రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడు. ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే సాకుతోందని ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తప్పు నాదని చెప్పకుండా తప్పించుకున్నాను.

మధ్యాహ్నం ఎప్పటిలాగే పుస్తకం తెరిచాను. నా ఖర్మ, ఆ రోజు వచ్చిన ఘట్టమూ అలాంటిదే. బడి గంట తాడు కోసింది తుంటరి పిల్లవాడు, ఉద్యోగం పోయింది గంట కొట్టే ముసలాయనకు. ముసలాయన పెట్టె సర్దుకుంటుంటే పిల్లవాడు కిటికీలోంచి చూస్తున్నాడు. అక్కడ ఆగాను. అందరి చేతులూ ఆగాయి.

"వాడు యాడ చెప్తాడు, దెబ్బలు పడ్తాయి గదా" అంది మా అవ్వ.

ఆ అక్క మాత్రం తలెత్తకుండానే, "చెప్తాడు సూడవ్వా. తుంటరోడే గానీ చెడ్డోడు కాదు" అంది.

పేజీ తిప్పాను. పిల్లవాడు జామచెట్టెక్కి కూర్చున్నాడు, ముసలాయన ఊరు దాటిపోయాడు, అంతే రాసుంది. ఆమె ముందు ఆ ముక్క చదవడానికి నాకు మనసొప్పలేదు. అచ్చులో లేని మాటల్ని అచ్చు మీదే వేలు పెట్టి చదివాను. పిల్లవాడు పరిగెత్తుకుంటూ వెళ్లి, బడి పెద్దయ్యవారి ముందు నిలబడి, తాడు కోసింది నేనేనన్నాడు. అంతవరకూ చదివి, పుస్తకం బోర్లించి, లేచి వెళ్లి తాత ముందు నిలబడి, కారం కలిపింది నేనేనన్నాను.

తాత లేచి వసారాలోకి వచ్చి పనివాళ్లందరి ముందూ ఆ అక్కతో, "తప్పు మా పాపదమ్మా. నేనే తొందరపడి నోరు జారినా. రేపు రా" అన్నాడు. నాకు శిక్ష, వారం రోజులు తొడిమలు తీయడం. చేతులు భగభగ మండేవి. రోజూ ఇంటికెళ్లే ముందు ఆ అక్కే నా చేతులకు నూనె రాసేది.

ఇప్పుడా వసారా లేదు, గోదాము కట్టారు. మా మనవరాలికి ఎవరూ చదివిపెట్టనక్కర్లేదు, అది చదివితే వినేవాళ్లూ లేరు, ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. ఆ రోజు లేనిది చదివినందుకు నేనీనాటికీ బాధపడను, దానికీ అదే చెప్పాను. తాత దగ్గర అంతా ఒప్పుకున్నాను గానీ, ఆ పేజీలో ఏముందో ఆ అక్కకు మాత్రం చివరిదాకా చెప్పలేదు. జుట్టంతా నెరిశాక కూడా, బజారులో కనిపించినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, "నేను ఆ పొద్దే అన్లేదా పాపా, వాడు చెప్తాడని" అని నవ్వేది.