గాల్లో నిలబెట్టి హారతి

చదువు పూర్తయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో, ఏ వస్తువు మీద పెద్ద అంకె రాసి ఉంటే అదే మంచిదని నమ్మేదాన్ని. (చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ఈ మాట ముందే చెప్పేయడం మేలు.) పొలాలకు మందు కొట్టే డ్రోను కొందామన్న ఆలోచన నాది. దాన్ని నమ్మిన ఒకే ఒక్క మనిషి, ఈ ఏడాది మొదట్లో పోయిన మా బాబాయి. తిరువూరులో ఆయనది పురుగుమందుల కొట్టు. నాన్నకు మాత్రం నమ్మకం లేదు. "రైతుల ముందు ఎగరేసి చూపించు. ఎగిరితే ఇక్కడే ఉండు. లేదంటే సోమవారం హైదరాబాదు వెళ్లి మీ మావయ్య ఆఫీసులో చేరు" అన్నారు. ఆ ఆఫీసు నేను చూశాను. కిటికీ తెరిస్తే ఇంకో ఆఫీసు గోడ కనబడుతుంది.

డ్రోను పాతది. బ్యాటరీ ఒక్కటే కొత్తగా కొన్నాం. దాని మీద ఎర్రటి పెద్ద అంకె, కింద చీమల్లాంటి అక్షరాల్లో మరో చిన్న అంకె. పెద్దది చూసి తీసుకున్నాను. చిన్నది చదవలేదు.

గంపలగూడెం దగ్గర ఒక రైతు పత్తి చేలో అందరం చేరాం. పూజకని బాబాయి పక్కనున్న నెమలి అనే ఊరి నుంచి పూజారిగారిని పిలిపించాడు. ట్యాంకులో సగమే నీళ్లు పోద్దామంటే పూజారిగారు ఒప్పుకోలేదు. "శుభమా అని మొదలుపెడుతూ వెలితి ట్యాంకేంటమ్మా? నిండుగా పొయ్యి." పోశాను. హారతి నేల మీదే ఇచ్చేయండన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "ట్రాక్టరుకైతే ఇంజిను స్టార్టు చేసే కదా ఇస్తాం? ఎగిరేదానికి ఎగురుతుండగా ఇవ్వాలి."

డ్రోను లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మనిషి తల ఎత్తులో నిలబెట్టాను. పూజారిగారు కర్పూరం వెలిగించి దగ్గరకొచ్చారు. రెక్కల గాలికి ఆరిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ వెలిగించుకొచ్చారు, మళ్లీ ఆరిపోయింది.

"కాస్త గాలి తగ్గించమ్మా."

"తగ్గిస్తే పడిపోద్దండీ."

"అయితే అలాగే ఉంచు. హారతి మధ్యలో ఆపకూడదు."

ఆ చేని రైతు కండువా అడ్డం పట్టాడు. కండువా ఎగిరి పత్తిచెట్ల మీద పడింది. "దానికి హారతి ఇష్టం లేనట్టుంది పూజారిగారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంతలో నా చేతిలోని రిమోటు కీచుమంది. డ్రోను ఒకసారి తూలి, నాన్న ముందు చాళ్లలో కూలబడింది. ట్యాంకు పగిలి నీళ్లన్నీ ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. బ్యాటరీ పూరీలా ఉబ్బింది.

అప్పుడు చదివాను చిన్న అక్షరాలు. పెద్ద అంకె, బ్యాటరీ కొన్ని క్షణాలు మాత్రమే ఇవ్వగల కరెంటుది. ఆపకుండా ఇవ్వగలిగేది చిన్న అంకె. ఆ కాస్త కరెంటుతో నిండు ట్యాంకును అంతసేపు మోయడం దానివల్ల కాలేదు. ఇదంతా బాబాయికి చెప్పాను.

"అంటే, కదిలే బస్సును నేను పరిగెత్తి ఎక్కగలను. అలాగని విస్సన్నపేట దాకా పరిగెత్తమంటే నేనూ ఇలాగే అయిపోతాను. అంతేగా?" అన్నాడు. ఆయన పొట్ట చూసి రైతులు పగలబడి నవ్వారు.

నాన్న నవ్వలేదు. చొక్కా పిండుకుంటూ నా వైపు చూశారు. సోమవారం గురించే ఆలోచిస్తున్నారని తెలిసిపోయింది. బాబాయి ఇద్దరి మధ్యకి వచ్చాడు. "ఎగిరితే చాలన్నావు అన్నయ్యా. ఎగిరింది. ఎంతసేపని నువ్వు చెప్పలేదుగా?"

"నీతో వాదించలేనురా" అన్నారు నాన్న. ఆ తరవాత ఆయనకూ నవ్వు ఆగలేదు. నేను తిరువూరులోనే ఉండిపోయాను.

ఇప్పుడు బ్యాటరీ కొనేటప్పుడు ముందు చిన్న అక్షరాలే చదువుతాను. ఆ రోజే చదివి ఉంటే డ్రోను పడేది కాదు. బాబాయి నా తరఫున వాదించడం వినే అవకాశమూ ఉండేది కాదు. అందుకే చదవకుండా కొన్న ఆ పిల్లను తిట్టడానికి నాకు మనసొప్పదు.