లేపకు బిడ్డా

కరోనా తర్వాత మా పాలమూరు పల్లెల్లో ఆక్సిజన్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదన్న నమ్మకం పాతుకుపోయింది. నర్సుగా ఎందరికని చెప్పను, విసుగొచ్చేది.

ఒక మధ్యాహ్నం వార్డులోకి వెళ్లేసరికి కోస్గి వైపు నుంచి వచ్చిన ముసలి గొర్రెల కాపరి కదలకుండా పడుకుని ఉన్నాడు. బీడీలతో ఊపిరితిత్తులు పాడైన మనిషి. పొద్దున్నంతా ఆయాసంతో కూర్చునే ఉన్నాడు.

"ఇప్పుడే జర నిద్ర వట్టింది. లేపకు బిడ్డా," అంది ఆయన భార్య.

పిలిస్తే పలకలేదు. గోడకున్న ఆక్సిజన్ మీటరు పైదాకా తిప్పి ఉంది.

"నేనే తిప్పిన. గాలి సరిపోతలేదని."

ఇలాంటి వాళ్లకు ఆక్సిజన్ మరీ ఎక్కువైతే లోపలి చెడుగాలి బయటికి పోదు. రక్తంలో ఆమ్లం పెరిగి మత్తు కమ్మేస్తుంది. డాక్టరును కేకేసి, మీటరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆయన భుజం కుదిపాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఉన్న గాలి గూడ గుంజుకుంటవా?"

డాక్టరు వచ్చి, చెడుగాలి బయటికి పోయేలా ఊపిరి ఆడించే మాస్కు మెషిన్ పెట్టించాక, సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచి గొర్రెల సంగతి అడిగాడు.

ఇప్పటికీ మా నాయిన మధ్యాహ్నం కునుకు తీస్తే ఊరికే పిలుస్తాను. "ఏంది బిడ్డా, పండనియ్యవా," అని ఆయన విసుక్కున్నాకే నేను కూర్చుంటాను.